సగంలో తెగిన మాట

హైదరాబాద్, దవాఖాన నుంచి

వీరప్పా,

"ప్రియమైన అని పెట్టనా తాతా?" అని అడిగింది అక్షత. వద్దన్నాను. చెబుతున్నది నేను, రాస్తున్నది నా మనవరాలు. నాకు రాసే చెయ్యి లేదు. మోచేతికి కొంచెం కింద, నీ సభలో, నీ కళ్ళ ముందే పోయింది. తెగిన ముక్కను ఎవరో తువ్వాలులో చుట్టి నాతోపాటే పంపారట గానీ, ఇక్కడికి చేరేసరికి అది అతికే స్థితిలో లేదన్నారు.

నువ్వు జైల్లో ఉన్నావు, ఫోను కుదరదు, అందుకే ఈ ఉత్తరం. జైలరు చదివాకే నీకిస్తాడని తెలుసు. చదవనీ.

నాకు గుర్తున్నది చెబుతాను. ఎమ్మెల్యేల జీతాలు, మాజీల పింఛన్లు పెంచబోతున్నారని పేపర్లో వచ్చింది. పెంచడం కాదు, తగ్గించాలని నువ్వు నారాయణఖేడ్ చౌరస్తాలో ధర్నాకు కూర్చున్నావు. ఏనాడో ఒక్కసారి గెలిచి, మళ్ళీ అసెంబ్లీ గడప తొక్కని నా ఫొటోకు కూడా చెప్పుల దండ వేశారని విని, నీతో నాలుగు మాటలు పోట్లాడదామని వచ్చాను. చెరుకు కొట్టడానికి వలసపోయే జనం లారీల కోసం మూటలతో, కత్తులతో అక్కడే ఉన్నారు. బండ్లు వచ్చేదాకా కూర్చోమని వాళ్ళను ధర్నాలో కలుపుకున్నది నువ్వే. ట్రాక్టర్ ట్రాలీనే నీ వేదిక. దాని మీదికి ఎక్కాను. ఎవరో ముసలామె నా చొక్కా పట్టుకుంది. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. కళ్ళు తెరిస్తే ఇక్కడున్నాను.

మిగతాది మా అక్క కొడుకు దుర్గేశ్ చెప్పాడు. నువ్వు మైకులో "కడి" అని కన్నడంలో అరిచావట. నీ పక్కనే నిలబడ్డ నాగల్‌గిద్ద కూలీ బసవ చెరుకు కత్తి ఎత్తి వేశాడట. ఎవరో ఫోన్లో తీసిన వీడియో ముక్క కూడా చూపించాడు. అందులో మనుషులు కనబడరు, జెండాలు, తలకాయలు అంతే. మైకులో గొంతు గరగరమంటుంది, గుర్తుపట్టలేం. "కడి" అన్నది మాత్రం సాఫ్‌గా వినిపిస్తుంది. జనం అదే మాట అందుకుని గోల చేస్తారు. ఆ వెంటనే నా కేక. తన కేక తనే వినాల్సి రావడం పగవాడికి కూడా వద్దు.

కడి అంటే నరుకు. అది మా ఇంటి భాష, దాని అర్థం నువ్వు నాకు నేర్పనక్కర్లేదు.

నేను గెలిచిన నాడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని కంగ్టి అంతా తిప్పినవాడివి నువ్వు. నా పింఛను మీద మంట ఉంటే తిట్టు, కొట్టు. నరికిస్తావారా? నువ్వు తెల్లారిలేస్తే ఆడిపోసుకునే ఆ మాజీ ఎమ్మెల్యే వైద్య సౌకర్యమే ఇవాళ నన్ను బతికించింది, అది కూడా రాసిపెట్టుకో.

ఒక్కటి చెప్పు. ఆ మాట అన్నావా, లేదా? నువ్వు ఏది చెబితే అది నమ్ముతాను. కోర్టులో ఏం చెప్పాలో దాన్నిబట్టి చూసుకుంటాను.

ఇట్లు,
నీ ధర్నాకు వచ్చి కుడిచెయ్యి ఇచ్చిపోయిన
సిద్ధేశ్వర్

*

జైలు నుంచి

ప్రియమైన సిద్దూ,

నువ్వు వద్దన్నా నేను మాత్రం ఇలాగే మొదలుపెడతాను. బడిలో నీ పక్కన కూర్చున్నప్పటి నుంచీ నీ అలకలు చూస్తున్నవాణ్ణి, ఈ వయసులో కొత్తగా భయపడను.

నువ్వు బతికావని జైలరు చెప్పిన రోజు గోడవైపు తిరిగి ఏడ్చాను. అంతవరకు నువ్వు పోయావనే అనుకున్నాను. ట్రాలీ పలకల మీద నీ నెత్తురు నా చెప్పుల కిందికి వచ్చింది. తెగిన చేతి వేళ్ళు ఇంకా కదులుతున్నాయి. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అదే.

నువ్వు పడిపోయాక జరిగింది దుర్గేశ్ నీకు చెప్పి ఉండడు. నేను చెబుతాను, విను. కత్తి వేసిన మరుక్షణం బసవ దాన్ని కింద పారేశాడు. తలగుడ్డ విప్పి, నీ మోచేతికి పైన చుట్టి, పళ్ళతో లాగి ముడివేశాడు. చెరుకు తోటలో కాలు తెగినా చెయ్యి తెగినా వాళ్ళు కట్టుకునేది ఆ కట్టే. "అయ్యా, అయ్యా, నువ్వంటేనే గదా" అని నీ మొహం పట్టుకుని ఏడుస్తున్నాడు. అలా వంగి ఉన్నవాణ్ణి వెనకనుంచి ఇనుప రాడ్డుతో నడినెత్తిన కొట్టారు. ట్రాలీ మీదనుంచి కాళ్ళు పట్టి లాగారు. రోడ్డు మీద వేసి రాడ్లతో, రాళ్ళతో కొట్టారు. ప్రాణం పోయాక కూడా కొట్టారు. బసవ భార్య శైలశ్రీ మూట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆపబోయిన నాకు పక్కటెముకలు విరిగాయి. జనం పరుగెత్తితే తొక్కిసలాటలో ముసలి కిష్టవ్వ తుంటి ఎముక పోయింది. నిన్ను చొక్కా పట్టుకుని నిలబెట్టింది ఆమే.

నిన్ను కారులో ఎక్కించేటప్పుడు కూడా ఆ తలగుడ్డ నీ చేతికే ఉంది. అది లేకపోతే నువ్వు హైదరాబాద్ చేరేవాడివి కాదు. రాడ్డు పట్టింది ఎవరో రాయను. ఈ ఉత్తరం నలుగురు చదువుతారు, బయట మా ఇంటిది నీలమ్మ ఒంటరిగా ఉంది.

ఇక నీ ప్రశ్న. పొద్దుటినుంచి మైకులో ఆ మాట అంటూనే ఉన్నాను. "పింఛన్ కడిమి మాడ్రి." కడిమి అంటే తక్కువ, కడిమి మాడ్రి అంటే తగ్గించండి. నాగల్‌గిద్ద వాళ్ళకు తెలుగుకన్నా కన్నడం తొందరగా ఎక్కుతుందని ఆ నినాదం కట్టింది నేనే. మైకు వైరు వదులుగా ఉండి మాటిమాటికీ ఊడుతోంది. ఆ పూట కడిమి అన్న మాట సగంలో తెగి "కడి" మాత్రమే బయటికి వచ్చింది. తోటలో కూలీలను నడిపే ముకద్దం పొద్దున్నే అరిచేది ఆ మాటే. అది వినపడితే వాళ్ళ చెయ్యి లేస్తుంది, బుర్ర తర్వాత వస్తుంది. పైగా జనమంతా అదే అందుకున్నారు. బసవ తాగి లేడు. నీ మీద పగ లేదు. నువ్వెవరో కూడా వాడికి సరిగా తెలియదు.

ఇంతకన్నా నన్ను అడగకు. కోర్టులో నీకు తోచింది చెప్పుకో.

చెయ్యి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ
వీరప్ప

*

నారాయణఖేడ్

వీరప్పా,

ఇది నా ఎడమచేతి రాత. కోడి కెలికినట్టుందని నవ్వుకో. ఇంటికి వచ్చేశాను. లేని చెయ్యి నొప్పి పెడుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు, ఇప్పుడు లేని వేళ్ళు పిడికిలి బిగుసుకుని గోళ్ళు అరచేతిలో దిగుతున్నట్టుంటుంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. బసవ కట్టు కట్టాడన్నది నిజమే అయి ఉండవచ్చు. డాక్టరు కూడా కట్టు గురించి అన్నాడు. దుర్గేశ్‌ను అడిగితే, "గవన్నీ కట్టుకథలు మామా. వాణ్ణి జనమే కొట్టిండ్రు. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. నీ కంది కుప్ప ఎవరో తగలబెట్టారని కూడా విన్నాను. అది నా పని కాదు.

నీ వాదనకు వద్దాం. నీకు జీతాలే వద్దు, పింఛన్లే వద్దు. సరే, తీసేయ్. అప్పుడు అసెంబ్లీకి పోయేది ఎవరు? కాంట్రాక్టర్లు, సారా పాటదార్లు. నేను గెలిచిననాడు నా దగ్గర ఏముందో నీకు తెలియదా? సైకిలు. దానికి కూడా బెల్లు లేదు. జీతం ఉంది కాబట్టే ఆ ఐదేళ్ళు ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికాను. ఓడాక ఆ పింఛనే లేకపోతే నేను ఏదో ఒక పెద్దమనిషి గేటు దగ్గర నిలబడేవాణ్ణి. మాజీలందరినీ ఒకే గాటన కట్టి చెప్పుల దండ వేయడం నీకు న్యాయంగా ఉందా?

కడిమి అన్నావు, కడి అని వినబడింది. ఒప్పుకుంటాను. కానీ కత్తులు పట్టుకున్న జనాన్ని కూర్చోబెట్టి, ఊడిపోయే మైకులో అలాంటి మాట ఎవడంటాడు? నోట్లోంచి వచ్చిన మాట సగమే వినబడినా, దానికి అన్నవాడే బాధ్యుడు. నేను అదే చెప్పబోతున్నాను కోర్టులో. "వీరప్ప మాట వల్లనే నా చెయ్యి పోయింది" అంటాను. నీకు ఎన్నేళ్ళు పడతాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇకమీదట ఉత్తరం రాయకు.

సిద్ధేశ్వర్

*

జైలు నుంచి

ప్రియమైన సిద్దూ,

రాయకు అన్నావు. రాయకుండా ఉందామనే అనుకున్నాను, నిన్న నీలమ్మ ములాఖత్‌కు రాకపోయి ఉంటే అలాగే ఉండేవాణ్ణి.

ఆమె పెదవి చీలిపోయి ఉంది. చెవికమ్మ లాగితే చెవి తెగి వేలాడుతోంది. కోర్టులో బసవ తరఫున సాక్ష్యం చెబుతానన్నందుకు ఇంట్లో దూరి జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. "నోరు తెరిస్తే బసవగాని పక్కన బొంద పెడ్తం" అన్నారు. నాతో చెబుతూ ఆమె ఏడవలేదు. "నువ్వు దాచుడు ఇగ చాలు. చెప్పవా, నేనే పోయి ఆయన గుమ్మంల కూసోని చెప్తా" అంది. లోపల నాకూ తక్కువేం కాలేదు. పెద్దమనిషి చెయ్యి నరికించినవాడివి అని రాత్రి దుప్పటి కప్పి కొట్టారు, ఒక చెవి సరిగా వినిపించడం లేదు.

శైలశ్రీ సంగతి ఇంకా అన్యాయం. ఊళ్ళో హంతకుడి పెళ్ళాం అని నీళ్ళకు కూడా ముందు పోనివ్వడం లేదట. చెరుకుకు పోదామంటే అక్కడ జోడీలుగానే పెట్టుకుంటారు, మగవాడు కొట్టాలి, ఆడది మోపు కట్టాలి. ఒంటరి ఆడదాన్ని ఏ ముకద్దం తీసుకోడు. మొగుణ్ణి చంపారు, పేరు చెడగొట్టారు, పని కూడా లేకుండా చేశారు.

అందుకే చెబుతున్నాను. కూర్చుని చదువు.

ఆ రోజు నువ్వు నాతో పోట్లాడటానికే ట్రాలీ ఎక్కావు. మొదటి మాటగా నన్ను గాడిదకొడకా అన్నావు. అప్పుడు కిష్టవ్వ నీ చొక్కా పట్టుకుంది. నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి, తల ఎత్తలేక పక్కకు తిప్పి నీ మొహం చూసి అడిగింది: "నువ్వూ ముసలోనివైతివి, నేనూ ముసలిదాన్నైతి. నువ్వు ఐదేండ్లు కూసుంటివి, నేను బతుకంత చెరుకు కొడితి. నీ ముసలితనం ఎందుకంత పిరం బిడ్డా, నాదెందుకింత అగ్గువ?"

నువ్వు నా చేతిలోంచి మైకు లాక్కున్నావు. అక్కడున్నది సగం నాగల్‌గిద్ద జనమని తెలిసి కన్నడంలోనే అన్నావు. "నందు మొదల్ కడిమి మాడ్రి." నాది ముందు తగ్గించండి అని. అంటూ కుడిచెయ్యి బారుగా ముందుకు చాపావు. నడుమున చెరుకు కత్తి, చేతిలో జెండా కర్రతో ఎదురుగా నిలబడ్డది బసవ.

"నందు మొదల్ కడి" దగ్గర వైరు ఊడింది.

పెద్దమనిషి చెయ్యి చాపి, నాది ముందు నరుకు అంటున్నాడు. కిందనుంచి జనం "కడి కడి" అని మోత పెడుతున్నారు. తగ్గించమన్నాడని ఆ మోతలో, నీకు ఆనుకుని ఉన్న నాకు ఒక్కడికే వినిపించింది. కిష్టవ్వకు కన్నడం రాదు. నేను అడ్డం పడేలోపు అయిపోయింది. "నువ్వంటేనే గదా" అని బసవ ఏడ్చింది అందుకే.

నీకు అదేదీ గుర్తులేదని తెలిశాక చెప్పకూడదనుకున్నాను. వకీలు తిట్టాడు, చెబితే నీ కేసు తేలికవుతుంది కదా అని. సిద్దూ, నువ్వు పుట్టి బుద్ధెరిగాక అన్న మాటల్లో అంత మంచిమాట ఇంకోటి లేదు. అసెంబ్లీలో కూడా అనలేదు. అదే నీ చెయ్యి తీసిందని, అదే విన్నందుకు ఒకడు చచ్చాడని నా నోటితో నీకు చెప్పాలా? నింద నా మీద ఉంటే పోయేదేముంది, రాళ్ళూ లాఠీలూ నాకు అలవాటే అనుకున్నాను. శైలశ్రీకి అలవాటు లేదు కదా.

ఇక నీ వాదన. జీతం లేకపోతే కాంట్రాక్టర్లే గెలుస్తారన్నావు. జీతాలు పెంచుకుంటూ పోయారు కదా, ఇప్పుడు గెలుస్తున్నది ఎవరో ఒకసారి లెక్క చూడు. పనిచేసే ఐదేళ్ళూ తిండికి లోటు లేకుండా ఇవ్వమను, నేను కాదనను. చచ్చేదాకా ఎందుకనే నా గొడవ. నీకు హైదరాబాద్‌లో వైద్యం జరిగింది, సంతోషం. కిష్టవ్వ వెదురుబద్దల కట్టుతో ఇంటి అరుగు మీద పడి ఉంది, ఆమె అరుపులు వాడంతా వినిపిస్తున్నాయట. నీది తీసేయాలని కాదురా నా పట్టుదల. ఆమె ప్రశ్నకు ఎవడో ఒకడు జవాబు చెప్పాలి.

నమ్మితే నమ్ము. నీకు ముక్క చూపించాడంటే వీడియో మొత్తం దుర్గేశ్ ఫోన్‌లోనే ఉంటుంది. నీ గొంతు నువ్వు గుర్తుపట్టలేవా?

నీ
వీరప్ప

*

నారాయణఖేడ్

ప్రియమైన వీరప్పా,

నీ ఉత్తరం అందాక నాకు నిద్ర లేదు. మొదట అబద్ధమన్నాను. ఉత్తరం చింపబోయాను, ఒక్క చేత్తో కాగితం చింపడం రాలేదు.

దుర్గేశ్ భోజనానికి వచ్చినప్పుడు అక్షత వాడి ఫోన్లోంచి మొత్తం వీడియో తీసుకుంది. ఇద్దరం విన్నాం. నాకు చూపించిన ముక్క "కడి" దగ్గర మొదలయ్యేలా కోసి ఉంది. దాని ముందు "నందు మొదల్" ఉంది. "మొదల్" అనేటప్పుడు మా అమ్మలాగే నేను చివర కొంచెం సాగదీస్తాను. గొంతు ఎంత గరగరమన్నా ఆ సాగదీత నాదే. అక్షత ఫోను కింద పెట్టి, "తాతా, గిది నువ్వే" అంది.

వీడియో చివర రాడ్డు పట్టిన చెయ్యి కనిపిస్తుంది, మొహం కనిపించదు. ఆ చేతికున్న కడియం నేను చేయించిందే.

దుర్గేశ్‌ను పిలిచి అడిగాను. వాడు దాచలేదు. "నీ కోసమే కొట్టిన మామా. నీ చెయ్యి తీసినోన్ని ఇడ్సిపెడ్తనా? నీలమ్మను కొట్టించింది గూడ నేనే. నువ్వు ఊకో, అంతా నేను చూసుకుంట" అన్నాడు. మెచ్చుకుంటానని నా మొహంలోకి చూశాడు. బతికించే కట్టు కడుతున్నవాణ్ణి వెనకనుంచి కొట్టి, అది నా మీద ప్రేమ అంటున్నాడు. వాడు చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకునే నడక నేర్చాడు. ఆ చెయ్యి లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే వాణ్ణి అక్కడే గొంతు పిసికి చంపేవాణ్ణి.

మర్నాడు మెజిస్ట్రేట్ ముందు అంతా చెప్పాను. మైకులో మాట నాదని, తెగింది వైరని, బసవ చేసింది నా మాట విని చేసిన పొరపాటని, అతన్ని చంపింది నా మేనల్లుడని. నాకు గుర్తులేనిది గుర్తున్నట్టు చెప్పలేదు. విన్నది, చూసింది, దుర్గేశ్ నోటితో అన్నది, అంతే. వీడియో ఇచ్చేశాను. దుర్గేశ్‌ను తీసుకుపోయారు. నీ బెయిలు వారంలో రావచ్చని వకీలు అంటున్నాడు.

బయటికి వస్తుంటే మా అక్క నా మొహాన ఉమ్మేసింది. దుర్గేశ్ దోస్తులు కారు అద్దాలు పగలగొట్టి నన్ను బయటికి లాగారు. ఒక్క చేత్తో తల కాచుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తలకు కుట్లు పడ్డాయి, రెండు పళ్ళు పోయాయి. కారును అక్కడే తగలబెట్టారు. అక్షతకు ఏమీ కాలేదు, కంగారుపడకు.

పింఛను విషయం. ఎన్నికైనవాడికి జీతం ఉండాలని ఇప్పటికీ అంటాను, అందులో నీతో రాజీ లేదు. పింఛను మాత్రం కిష్టవ్వకు వచ్చే వృద్ధాప్య పింఛను కన్నా నాకు పైసా ఎక్కువ వద్దని అసెంబ్లీకి రాసి పంపాను. జవాబు రాలేదు. మిగతా మాజీలు ఫోను చేసి, చెయ్యితోపాటు మతి కూడా పోయిందా అంటున్నారు. కిష్టవ్వను అక్షత హైదరాబాద్ తీసుకుపోయింది. నీ ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదమ్మా అని ఆమెకు చెప్పి పంపాను.

నిన్న నాగల్‌గిద్ద వెళ్ళాను. అది రాయడానికే ఈ ఉత్తరం.

శైలశ్రీ వాకిట్లో కందులు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు, తిట్టలేదు. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. నీ మొగుడు హంతకుడు కాడు, నేను చెప్పిందే చేశాడు, కోర్టులో అలాగే చెప్పి వచ్చాను అన్నాను. ఊరి పెద్దలను కూడా పిలిపించి వాళ్ళ ముందు మళ్ళీ చెప్పాను. అందరూ పోయాక ఆమె చేట పక్కన పెట్టి అడిగింది.

"ఆ దినం ఏం అనబోయినవో గది అను. పూరా అను."

నాకు గుర్తులేని మాట అది. నీ ఉత్తరంలో చదివి నేర్చుకున్నాను. "నందు మొదల్ కడిమి మాడ్రి" అన్నాను.

ఆమె విన్నది. పెదవులు కదిపి తనూ అనుకుంది. "మి అనేటిది ఒక్కటి ఇనబడితే, ఈపాటికి మేమిద్దరం చెరుకు కాడ ఉంటుంటిమి" అంది. నేను పోదామని లేవబోతే కూర్చోమని సైగ చేసింది.

"ఇంగొకపారి అను" అంది.

అన్నాను. మళ్ళీ అనమంది. అన్నాను. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింటోంది, ప్రతిసారీ ఆ మి అనే అక్షరం దగ్గర ఆమె చెయ్యి చేట అంచును గట్టిగా పట్టుకుంటోంది. పళ్ళు లేని చోట మాట జారుతుంటే సరిచేసుకుని మళ్ళీ అన్నాను. ఆమె చాలన్నదాకా అంటూనే ఉన్నాను.

నీ
సిద్దు